నాలుగు వాద్యాల మీద ఆల్ఫోన్స్ ఊపిరి

గెర్డా ప్యోంటెక్ ఇంట్లో వీధివైపు గది అత్తగారు పోయినప్పటినుంచీ ఖాళీ. ఏటా వసంతంలో ఆ ఊరికి కొత్తరకం సంగీతం వాయించేవాళ్ళు దిగేవారు. రూర్ నది ఒడ్డున, బొగ్గు గనుల మధ్య ఉన్న ఊరది. ఉన్న రెండు హోటళ్ళూ వాళ్ళకు చాలేవి కావు. ఎవరింట్లో ఖాళీ గది ఉంటే వాళ్ళు ఒకరిద్దరికి చోటివ్వండని ఊరి పెద్దలు అడిగేవారు. గెర్డా ఇచ్చేది. వాయిద్యగాళ్ళు బూట్లు తుడుచుకుని లోపలికొస్తారు, పెట్టింది వంక పెట్టకుండా తింటారు, అంతకంటే ఏం కావాలి అనేది.

ఆమె భర్త ఆల్ఫోన్స్ పద్నాలుగో ఏట గనిలోకి దిగినవాడు. ముప్ఫై ఏళ్ళు రాతిధూళి పీల్చి, ఊపిరితిత్తులు గట్టిపడిపోయి, యాభై నిండకుండానే పింఛను మీద ఇంటికొచ్చాడు. అతని ఊపిరి పక్కింటికి కూడా వినపడేది. ముందు సన్నని ఈల, ఆ వెనక తడి దుంగను రంపంతో కోస్తున్నట్టు ఒక గరగర, ఆ తర్వాత ఏమీ ఉండేది కాదు. ఆ ఆగిన క్షణంలో గెర్డా బంగాళాదుంపలు తరుగుతున్నా, బట్టలు పిండుతున్నా చెయ్యి ఆపేసేది. మళ్ళీ ఈల వినిపిస్తేనే చెయ్యి కదిలేది. తను కూడా ఊపిరి బిగబడుతున్నానని ఆమెకు తెలిసేది కాదు.

ఆల్ఫోన్స్ ఒకప్పుడు గనివాళ్ళ గాయక బృందంలో మంద్రం పాడేవాడు. అది మానేశాడు. పందేల పావురాలను పెంచేవాడు. ఈకల దుమ్ము పడక వాటినీ ఇచ్చేశాడు. చివరికి మూలమీది సారాకొట్టుకు వెళ్ళడం కూడా మానేశాడు.

"నేను లోపలికెళ్తే మాటలాపేస్తున్నారే. నా ఊపిరి లెక్కపెడుతున్నారు వెధవలు" అన్నాడు ఒకరోజు కోటు విప్పి కొక్కేనికి తగిలిస్తూ.

ఆ రోజునుంచీ ఇంటికెవరొచ్చినా గెర్డా ముందు వెళ్ళి వంటింట్లో రేడియో పెట్టేది. గట్టిగానే పెట్టేది. నాట్యాల పాటలో, పంటల ధరలో, ఏదో ఒకటి మోగుతుంటే ఆ గరగర కొంత కలిసిపోయేది. మొగుడి పరువు కాపాడుతున్నానని ఆమె నమ్మకం.

ఎకార్ట్ లోవాసర్ ఆ ఇంటికి వచ్చినప్పుడు అతనికి నలభై ఉండవు. ఆ దేశపు దక్షిణాదివాడు, కొంగలా పొడుగు. క్వార్టెట్లు రాస్తాడని చెప్పారు. అంటే రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో, నలుగురు కూర్చుని వాయించేవి. అయితే ఇతను రాసినవాటిలో కమాను తీగమీద కంటే చెక్కమీదే ఎక్కువ నడుస్తుందని ఊళ్ళో చెప్పుకుని నవ్వేవారు.

మొదటిరోజు పొద్దున బంగాళాదుంప అట్లు వరసగా తింటూ తింటూ అతను తలెత్తాడు.

"గెర్డా గారూ, ఆ రేడియో కొంచెం ఆపుతారా?"

"ఏం, పాట నచ్చలేదా?"

"పాట సంగతి కాదు. దాని వెనకాల ఇంకేదో వినిపిస్తోంది."

గెర్డా మొహం ఎర్రబడింది. "మా ఆయనకు జలుబు చేసింది" అని, పొయ్యి వైపు తిరిగి, రేడియో మాత్రం ఆపలేదు.

ఆల్ఫోన్స్‌కు మాత్రం లోవాసర్ నచ్చాడు. సాయంత్రాలు ఇద్దరూ కిటికీ దగ్గర కూర్చునేవారు.

"ఏం మాస్టారూ, మీ సంగీతంలో రాగమే ఉండదంటగా?" అనేవాడు ఆల్ఫోన్స్, మాట మాటకూ మధ్య ఊపిరి లాక్కుంటూ.

"ఉంటుందండీ. లోపలెక్కడో ఉంటుంది."

"బొగ్గులాగన్నమాట. అయితే దిగి తవ్వుకోవాల్సిందే. జాగ్రత్త మరి, దుమ్ము ఉంటుంది."

ఇద్దరూ నవ్వేవారు. నవ్వు ఆల్ఫోన్స్‌ను దగ్గులోకి తోసేది. గెర్డా పరుగున వచ్చి వీపు రాసేది. లోవాసర్ కళ్ళు తిప్పుకునేవాడు. చెవులు మాత్రం అక్కడే ఉంచేవాడు. ఆ మరుసటి వసంతంలో కూడా వచ్చి అదే గదిలో దిగాడు.

ఆ ఏడు నవంబరులో, పొగమంచు దిగిన వారంలో ఆల్ఫోన్స్ పోయాడు. ఈల, గరగర, ఆ తర్వాత నిశ్శబ్దం. గెర్డా చేతిలో చెంచాతో నిలబడిపోయింది. ఎంతసేపు నిలబడినా ఈల మళ్ళీ రాలేదు.

వసంతం తిరిగొచ్చింది. తలుపు తీసేసరికి లోవాసర్ ఎదురుగా ఉన్నాడు. కొక్కేనికి ఆల్ఫోన్స్ టోపీ లేదని చూశాడు, గెర్డా వేసుకున్న నల్ల గౌను చూశాడు. ఆమె ఏమీ చెప్పక ముందే సంచీ కింద పెట్టి తల వంచాడు. తలెత్తి అన్నాడు:

"ఆదివారం నా మూడో క్వార్టెట్ మొదటిసారి వాయిస్తున్నారు. మీరు రావాలి." వెంటనే, "లేదులెండి, రాకపోయినా ఫరవాలేదు. రాకపోతేనే మంచిదేమో" అని తడబడ్డాడు.

గెర్డా ఎన్నడూ ఆ కచేరీలకు వెళ్ళలేదు. కానీ భర్త ఇష్టపడిన మనిషి రమ్మన్నాడు. ఆల్ఫోన్స్ అక్క ఎన్నె కూడా తోడొస్తానంది. ఎన్నె మాట కత్తి. తమ్ముణ్ణి పెంచి పెద్దచేసింది తనేనన్న అధికారం ఆమెకు ఇంకా పోలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఊరి సభామందిరం నిండింది. ముందువరసల్లో పెద్ద ఊళ్ళనుంచి వచ్చిన కళ్ళజోళ్ళవాళ్ళు, వెనక ఊరి జనం. నలుగురూ వచ్చి కూర్చుని కమానులెత్తారు. స్వరమనేదే పలకలేదు. ఒకరు తీగలనెత్తిపట్టే చెక్క గుర్రంమీద కమాను లాగారు, ఒకరు వాద్యం పక్కచెక్కను రాశారు. గాలి ఆకుల్లోంచి పోతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

"శ్రుతి చేసుకుంటున్నారేమోనే. ఇంకా మొదలెట్టలేదు" అంది ఎన్నె చెవిలో.

అంతలో మొదటి వయొలిన్ మీదినుంచి సన్నని ఈల ఒకటి లేచింది. దాని కిందనుంచి చెల్లో కమానును తీగమీద గట్టిగా నొక్కి, జరపలేక జరుపుతున్నట్టు లాగింది. తడి దుంగను రంపం కోసినట్టు గరగర. ఆ తర్వాత నలుగురూ ఆగిపోయారు.

గెర్డా ఊపిరి ఆగిపోయింది. బుద్ధికంటే ముందు ఆమె రొమ్ముకు తెలిసింది అదేమిటో. కుర్చీ అంచు పట్టుకున్న చెయ్యి, మళ్ళీ ఈల వచ్చేదాకా వదల్లేదు.

"ఒసే గెర్డా" అని ఎన్నె ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇది మా తమ్ముడు కదే?"

మళ్ళీ ఈల, మళ్ళీ గరగర. వెనక వరసల్లో ఎవడో ఆ ఈలను వెక్కిరిస్తూ నోటితో ఈల వేశాడు. ఇంకొకడు కావాలని దగ్గాడు. దగ్గుకు దగ్గు తోడై, అక్కడక్కడ నవ్వులు లేచాయి. ముందువరసలోంచి ఎవరో వెనక్కి తిరిగి "ష్" అన్నారు. కొత్త సంగీతాన్ని జనం ఎప్పుడూ అలాగే ఏడిపిస్తారు, అదక్కడ కొత్తేం కాదు. గెర్డాకు మాత్రం ఆ నలుగురూ కనిపించడం లేదు. సారాకొట్టులో అడుగుపెట్టిన ఆల్ఫోన్స్, అతని చుట్టూ నవ్వుతున్న జనం కనిపించారు. ఆమె లేచి, వరసలోని మోకాళ్ళను తప్పించుకుంటూ బయటికి నడిచింది.

ఎన్నె ఊరికే వెళ్ళలేదు. తలుపు దగ్గర ఆగి, "సిగ్గులేని జన్మలు! చచ్చినవాణ్ణి కూడా వదలరా?" అని అరిచింది. ఆమె సంగీతాన్ని తిడుతోందనుకుని వెనకవాళ్ళు చప్పట్లు కొట్టారు.

మర్నాడు పొద్దున లోవాసర్ సంచీ సర్దుకుని వంటింట్లోకొచ్చాడు. గెర్డా కాఫీ పోసింది, అతని ముందుకు జరపలేదు. ఎన్నె తెల్లవారకుండానే వచ్చి కిటికీ దగ్గర కూర్చుని ఉంది.

"అది ఆయనే కదూ?" అంది గెర్డా.

"అవును."

"ఉప్పు తిన్న ఇంట్లో దొంగతనమా! ప్రాణమున్నప్పుడే జనంలో ఊపిరి తియ్యడానికి నామోషీ పడిన మనిషి. ఆ మనిషిని పోయాక సభలో కూర్చోబెట్టి నవ్వించారు."

లోవాసర్ తలవంచుకుని ఉన్నాడు. తలెత్తకుండానే అన్నాడు:

"మొదట దొంగచాటుగానే విన్నానండీ. గోడకు చెవి పెట్టి విన్నాను. కిందటేడు ఒక పొద్దున మీరు తోటకు వెళ్ళారు. ఆయన నన్ను పిలిచారు. 'మాస్టారూ, గోడ అవతలనుంచి ఎందుకు? ఎదురుగా కూర్చుని వినండి' అన్నారు. రేడియో ఆయనే ఆపేశారు. చొక్కా పైబొత్తాం విప్పి కుర్చీలో నిటారుగా కూర్చున్నారు, ఫొటోకు కూర్చున్నట్టు. మీరొచ్చేదాకా నేను వింటూ రాసుకున్నాను. 'ఇది దేనికైనా పనికొస్తుందా?' అని అడిగారు. వస్తుందన్నాను."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఆయనే చెప్పొద్దన్నారు."

"ఎందుకు?"

అతను ఎన్నె వైపు చూశాడు, మళ్ళీ గెర్డా వైపు చూశాడు. "'గెర్డాకు నా ఊపిరంటే సిగ్గు. అందుకే ఆ రేడియో' అన్నారు."

ఆ మాట విన్నాక గెర్డా కాఫీ కూజా బల్లమీద పెట్టబోయి అంచుమీద పెట్టింది. కింద పడకుండా ఎన్నె పట్టుకుంది.

"అబద్ధం" అంది గెర్డా. "నాకు సిగ్గేమిటి? సిగ్గు ఆయనకు! ఆయన కోసమే కదా నేను..."

"మీరు కాల్చెయ్యమంటే కాల్చేస్తాను. ఆ నలుగురి దగ్గరున్న కాగితాలు కూడా తెప్పిస్తాను" అన్నాడు లోవాసర్.

"కాల్చెయ్యమనవే. ఇంకా చూస్తావేం?" అంది ఎన్నె.

గెర్డా కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది. వీధిలో పాలబండి వెళ్ళిపోయింది. "కాల్చొద్దు" అంది చివరికి. "ఎక్కడైనా వాయించుకోండి. ఈ ఊళ్ళో మాత్రం వద్దు. ఇక్కడ బొగ్గు తవ్విన ప్రతివాడికీ తెలుస్తుంది అదెవరో."

అతను మాటిచ్చాడు. మాట తప్పలేదు కూడా. కానీ మళ్ళీ ఆ ఇంటి మెట్లెక్కలేదు. గెర్డా ఆ గదిని నర్సు చదువుకునే అమ్మాయికి ఇచ్చింది, ఇక వాయిద్యగాళ్ళను దిగనివ్వలేదు.

ఆ తర్వాత ఆమెకు కుదురు లేకపోయింది. లోవాసర్ చెప్పింది నిజమైతే, పక్కపక్కనే పడుకుని లేచిన ఇద్దరు మనుషులు, అవతలివాళ్ళకు సిగ్గనుకుంటూ ఒకరినుంచి ఒకరు దాక్కున్నారన్నమాట. అబద్ధమైతే, తన తప్పు కప్పిపుచ్చుకోవడానికి చచ్చినవాడి నోట్లో మాట పెట్టాడన్నమాట. ఏది నమ్మినా నిద్ర పట్టేది కాదు. రేడియో మీద గుడ్డ కప్పేసింది.

"ఇల్లు శ్మశానంలా ఉందే. ఆ రేడియో పెట్టి చావరాదూ?" అనేది ఎన్నె వచ్చినప్పుడల్లా.

ఒకసారి గెర్డా అడిగేసింది. "వదినా, నీతో ఎప్పుడైనా అన్నాడా? నాకు సిగ్గని?"

ఎన్నె అల్లుతున్న మేజోడు వైపు చూసుకుంది. నోటిదురుసు మనిషి, జవాబుకు ఎప్పుడూ తడుముకోనిది, అప్పుడు మాత్రం కొంచెం ఆలస్యం చేసింది. "వాడు నాతో ఎందుకంటాడే అలాంటివి?" అంది. ఆ ఆలస్యాన్ని గెర్డా చాలా ఏళ్ళు మోసింది. ఎన్నె పోయేదాకా మళ్ళీ అడగలేకపోయింది. పోయాక ఇక అడగడానికి ఎవరూ లేరు.

గనులు ఒక్కొక్కటే మూతబడ్డాయి. లోవాసర్ పేరు మాత్రం పెరిగింది. అతని మూడో క్వార్టెట్‌ను పారిస్‌లో వాయించారని, టోక్యోలో వాయించారని పత్రికల్లో వచ్చేది. ఒకనాటి పత్రికలో, కొలోన్‌లో ఆదివారం పొద్దుటి కచేరీలో ముగ్గురు కుర్రవాళ్ళూ ఒక అమ్మాయీ దాన్ని వాయిస్తున్నారని చూసింది గెర్డా. అప్పటికి ఆమెకు డెబ్భై దాటాయి. ఎవరికీ చెప్పకుండా, మంచి కోటు వేసుకుని రైలెక్కింది.

ఈసారి జనం నవ్వలేదు. గుళ్ళో కూర్చున్నట్టు కూర్చున్నారు. పిల్లలు చూడముచ్చటగా ఉన్నారు, నలుగురి కమానులూ ఒక్క చెయ్యి నడుపుతున్నట్టు నడిచాయి. ఈల వచ్చింది, పట్టుదారంలా వచ్చింది. గరగర వచ్చింది, ఎక్కడా తెగకుండా నునుపుగా వచ్చింది. తర్వాత నిశ్శబ్దం. గెర్డా ఎదురుచూసింది. తన ఊపిరి మామూలుగానే ఆడుతోంది. మళ్ళీ ఈల, మళ్ళీ గరగర. ఆల్ఫోన్స్ వాటిలో లేడు. ఎంత వెతికినా దొరకలేదు.

చప్పట్లు మోగాయి, పూలగుత్తులొచ్చాయి. ఆమెకు భయం పట్టుకుంది. వీళ్ళు ఆయన్ని పోగొట్టారా, లేక తనే ఆయన ఊపిరి మర్చిపోయిందా? గుడ్డకప్పిన రేడియో ఉన్న ఇంట్లో ఇన్నేళ్ళుగా ఆ ఒక్కదాన్నే దాచుకున్నాననుకుంది. అది ఇప్పుడు లోపల ఉందో లేదో తెలియడం లేదు.

వరండాలో చేతికర్రతో ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. నడుం వంగినా ఆ కొంగ పొడుగు మారలేదు. ఆమెను చూసి కర్ర టకటకలాడించుకుంటూ వచ్చాడు.

"గెర్డా గారూ!"

ఇద్దరూ రైల్వే స్టేషను ఫలహారశాలలో ఒక మూల బల్ల దగ్గర కూర్చున్నారు. కాఫీ వచ్చింది.

"అందులో ఆయన లేడు" అంది గెర్డా, ఉపోద్ఘాతం లేకుండా.

"లేడు" అన్నాడు లోవాసర్. "నాకూ తెలుసు. ఆ మొదటి నలుగురికీ నేను దగ్గర కూర్చుని ఊపిరి తీసి చూపించాను. వాళ్ళు దాన్ని విని నేర్చుకున్నారు. వాళ్ళలో ఇద్దరు పోయారు. ఈ పిల్లలకు కాగితమ్మీదున్నదే తెలుసు. పిల్లలు మంచివాళ్ళే, కాగితంలో ఉన్నదంతా వాయిస్తున్నారు."

"మీకు ఇంకా వచ్చా?"

"ఏది?"

"ఆయన ఊపిరి."

అతను చుట్టూ చూశాడు. సంచులతో జనం, పిల్లల ఏడుపులు, పళ్ళేల చప్పుడు. కర్ర బల్లకు ఆనించి, చొక్కా పైబొత్తాం విప్పి, నిటారుగా కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. సన్నని ఈల వచ్చింది. ఆ వెనక రొమ్ము అడుగునుంచి తెగుతూ, అతుక్కుంటూ, మళ్ళీ తెగుతూ గరగర వచ్చింది. ఆగిపోయాడు.

గెర్డా చేతిలో చెంచా ఆగిపోయింది. పక్క బల్లవాళ్ళు మాటలాపి ఇటు చూశారు. వడ్డించే అమ్మాయి పరుగున వచ్చి, "అయ్యో, తాతగారికి బాలేదా? డాక్టర్ని పిలవమంటారా?" అంది.

"వద్దమ్మా. ఆయన్ని ఆపకు" అంది గెర్డా.

మళ్ళీ ఈల వచ్చింది. ఆమె కళ్ళు తుడుచుకోలేదు, ఎవరు చూస్తున్నారో చూడలేదు. ముసలాయనకు నిజంగానే ఆయాసమొచ్చి దగ్గు పట్టుకునేదాకా విన్నది. నీళ్ళిచ్చింది. అతను కుదుటపడ్డాక అడిగింది:

"ఆ రోజు ఆయన అన్నది నిజమేనా? నాకు సిగ్గని?"

"అన్నారండీ" అన్నాడు లోవాసర్. "కానీ నవ్వుతూ అన్నారో, బాధతో అన్నారో ఇప్పుడు చెప్పలేను. ఆ గొంతు నాకు గుర్తులేదు. ఊపిరి ఒక్కటే గుర్తుంది."

గెర్డా చల్లారిన కాఫీ పూర్తిగా తాగింది. రైలు వేళ అవుతుండగా, "ఆ పిల్లల్ని మా ఇంటికి తీసుకురండి. మీకు ఓపిక ఉండగానే తీసుకురండి" అంది. "నేర్పండి. ఊళ్ళో వాయించనివ్వండి. వద్దన్నది నేనే, ఇప్పుడు రమ్మంటున్నదీ నేనే."

వసంతంలో వచ్చారు. నలుగురు పిల్లలూ గెర్డా వంటింట్లో వాద్యాలతో ఇరుక్కుని కూర్చున్నారు. లోవాసర్ ఊపిరి తీసి చూపించేవాడు, వాళ్ళు వాయించేవారు. అతను తల అడ్డంగా ఊపేవాడు. చెల్లో అమ్మాయి విసుగొచ్చి, "ఇంత వికారంగా లాగితే నా చెయ్యి పాడైపోతుంది మాస్టారూ!" అంది. "పాడవనీ" అన్నాడతను. గెర్డా పొయ్యి దగ్గర బఠాణీ పులుసు కలుపుతూ వాళ్ళకు వీపు తిప్పి నిలబడింది.

అదే సభామందిరం. మిగిలిన గనివాళ్ళంతా ముసలివాళ్ళై వచ్చారు. వాళ్ళలో సగంమంది రొమ్ములు ఆల్ఫోన్స్ రొమ్ములాగే పలికేవి. వేదికమీద ఈల లేస్తే వరసల్లో ఈలలు లేచాయి, గరగర వస్తే గరగరలు కలిశాయి. ఎవరూ వెక్కిరించలేదు. ఊపిరి ఆగినచోట మందిరమంతా ఆగింది. గెర్డా చివరిదాకా కూర్చుంది. ఆయన వచ్చాడని అనిపించింది, కొన్నిచోట్ల. కొన్నిచోట్ల ఆయనో, పక్కన కూర్చున్నవాడో తెలియలేదు.

బయటికొస్తుంటే, ఆల్ఫోన్స్‌తో కలిసి గనిలో పనిచేసిన హూబెర్ట్ ఆమె పక్కన నడిచాడు.

"సంగీతం నా బుర్రకెక్కలేదే గెర్డా" అన్నాడు. "అయినా వాణ్ణి మళ్ళీ విన్నాం. సారాకొట్టులో మేం మాటలాపేవాళ్ళం చూశావూ, వాడు లోపలికొస్తే? నవ్వడానికి కాదే. రేపు నాకూ ఇదే కదా అని వినేవాళ్ళం. ఆ మాట వాడికెవడు చెప్తాడు, ఏమని చెప్తాడు?"

చెబుతూండగానే అతనికి దగ్గొచ్చింది. గోడ పట్టుకుని వంగిపోయాడు. ఎదురుగా ట్రామ్ వచ్చి ఆగింది. గెర్డా అతని వీపు రాస్తూ, ట్రామును పోనిచ్చి, అతని దగ్గు తగ్గేదాకా అక్కడే నిలబడింది.